తగ్గించాల్సింది క్లోరిన్ కాదు

కుళాయి తిప్పగానే గుప్పుమనే క్లోరిన్ వాసన చాలామందికి గిట్టదు. అయినా కలరా, టైఫాయిడ్ పీడ నుంచి ఎన్నో నగరాలను గట్టెక్కించింది ఆ క్లోరినే. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ తన నీటి సరఫరాలో రోజూ క్లోరిన్ కలపడం మొదలుపెట్టాక మిగతా నగరాలూ అదే బాట పట్టాయి.

1974లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో యోహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త మరో సంగతి బయటపెట్టారు. తాగునీటిలో కనిపిస్తున్న క్లోరోఫారం నదిలో ఎవరో పారబోసింది కాదు, శుద్ధి కేంద్రంలోనే పుడుతోంది. చెరువు అడుగున ఆకులు, నాచు కుళ్లితే నీటికి పలచటి టీ రంగు వస్తుంది. ఆ రంగునిచ్చే సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరోఫారం వంటి ట్రైహాలోమీథేన్లు తయారవుతాయి. నీళ్లు వెచ్చబడేకొద్దీ, గొట్టాల్లో నిలిచేకొద్దీ అవి పెరుగుతాయి. వేడినీళ్ల స్నానంలో ఆవిరితోపాటు ఊపిరితిత్తుల్లోకీ చేరతాయి. ఏళ్ల తరబడి ఇలాంటి నీళ్లు వాడినవారిలో మూత్రాశయ క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువని పలు అధ్యయనాలు సూచించాయి. కారణం కచ్చితంగా ఇవేనని మాత్రం ఇంకా తేలలేదు. అంతమాత్రాన చేతులు కట్టుకు కూర్చోలేం. అమెరికా 1979లోనే తాగునీటిలో ట్రైహాలోమీథేన్లకు లీటరుకు 100 మైక్రోగ్రాముల పరిమితి పెట్టి, తర్వాత దాన్ని 80కి దించింది.

భయపడి క్లోరిన్ మోతాదు కోసేయడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఇలా పుట్టే ఉప ఉత్పన్నాలను తగ్గించడం కోసం క్రిమిసంహారంలో రాజీ పడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గట్టిగా చెబుతోంది. రసాయనం మార్చినంత మాత్రాన గండం గడవదు. క్లోరిన్ బదులు ఓజోన్ వాయువు వాడితే, నీటిలో బ్రోమైడ్ అనే లవణం ఉన్నచోట బ్రోమేట్ అనే మరో హానికర పదార్థం తయారవుతుంది. వాషింగ్టన్ నగరం 2000లో క్లోరిన్, అమ్మోనియా కలిస్తే వచ్చే క్లోరమిన్‌కు మారాక పాత గొట్టాల్లోని సీసం నీళ్లలోకి దిగింది.

క్లోరిన్ తగలకముందే ఆ కుళ్లును తీసేయాలన్నది మా వాదన. పటిక సరిపడా వేసి, మడ్డిని బాగా పేరనిచ్చి, వడపోత మడులను వేళకు కడిగి, ఆ తర్వాతే క్లోరిన్ కలపాలి. పైకి కనిపించని పని కాబట్టి నిధులు కోసేటప్పుడు మొదటి వేటు దీనిమీదే పడుతుంది. అది కూడదు. పరీక్షకు నీళ్లు శుద్ధి కేంద్రం గుమ్మంలో పట్టి సరిపెట్టకూడదు. నడి ఎండాకాలంలో, గొట్టం చిట్టచివరి ఇంటి కుళాయి దగ్గర పట్టాలి. అక్కడ తేలిన అంకెను ఆ ఇంటి నీటి బిల్లు మీదే అచ్చువేసి ఇవ్వాలి.