ల్యాప్‌టాప్ మీది స్టిక్కరు బాబుకి ఓ బహిరంగ లేఖ

ల్యాప్‌టాప్‌కి మెదడులాంటి ప్రాసెసర్ చిప్పు ఇంటెల్ కంపెనీ ఐ5 అనో ఐ7 అనో చాటుతూ, కీబోర్డు కింద ఓ మూల తళతళలాడుతూ కూర్చుంటావు కదా, నీకే రాస్తున్నాను.

ఇంజినీరింగ్ సీట్లు వచ్చే రోజుల్లో శ్రీకాకుళంలో నీదే రాజ్యం. ఆమదాలవలస నుంచీ పలాస నుంచీ తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర షాపులకి వస్తారు, ర్యామ్ ఎంతని అడగరు, స్క్రీన్ చూడరు, వాళ్లకి తెలిసిన ప్రశ్న ఒక్కటే, "ఐ5 యేనా బాబూ?" షాపువాడు మాట కూడా ఖర్చు పెట్టడు. మూత తెరిచి నీ వైపు వేలు చూపిస్తాడు. బేరం అయిపోయినట్టే.

ఇంతకీ ఆ ఐదు దేని లెక్క? చిప్పులో లెక్కలు చేసే భాగాలుంటాయే, కోర్లు, వాటిదైతే కాదు. 2016లో వచ్చిన ఐ5-7200యూలో కోర్లు రెండే, దాని పైమెట్టు ఐ7-7500యూలోనూ రెండే, మరుసటి సంవత్సరం ఐ5-8250యూలో మాత్రం నాలుగు. అంటే పాత ఐ7ని కొత్త ఐ5 దాటిపోయింది, నీ మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. ఈ ముక్క ఓ పెద్దాయనకి చెప్తే, "ఏటి బాబూ, ఏడు కంటే ఐదు పెద్దదేటి, మాకు లెక్కలు రావనుకున్నావా" అని కోప్పడి, షాపులో మిగిలిపోయిన పాత ఐ7నే చంకన పెట్టుకుని వెళ్లాడు.

ఆ కోర్లు పెరిగింది కూడా ఎవరి దయ వల్లా కాదు. మామూలు డెస్క్‌టాప్‌లో ఐ7 అంటే ఏళ్ల తరబడి నాలుగు కోర్లే, ఎందుకంటే 2011 నాటి బుల్డోజర్ చిప్పులతో బోల్తాపడ్డ ఇంటెల్ పోటీదారు ఏఎమ్‌డీ ఇంకా లేవలేదు. 2017 మార్చిలో అది రైజెన్ పేరుతో ఎనిమిది కోర్లు పట్టుకుని లేచేసరికి, అదే అక్టోబరుకి ఇంటెల్ ఐ7-8700కేలో ఆరు ప్రత్యక్షం! అన్నాళ్లూ ఆ రెండూ ఎక్కడ దాచారో.

అలాగని ఏఎమ్‌డీని నెత్తిన పెట్టుకోలేం. పోటీకి వచ్చినవాళ్లు కొత్త అంకెలు వెతుక్కోవాలా వద్దా? రైజెన్ 3, 5, 7 అట. ఐ ఒక్కటి వదిలేశారు, సంతోషం. తర్వాత రైజెన్ 5 7520యూ అని ఒకటి దింపారు, ముందున్న 7 చూస్తే సరికొత్త సరుకనిపిస్తుంది, లోపలున్నది 2019లో వచ్చిన జెన్ 2 డిజైను. ఆ సంగతి మూడో అంకెలో చెప్పాం కదా అంటారు. మూడో అంకె చూసి ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు మా జిల్లాలో ఎవరైనా ఉంటే శాలువా కప్పుదాం. 2023 డిసెంబరులో దీని మీద ఏఎమ్‌డీని తెగ ఎగతాళి చేసింది ఎవరో తెలుసా, ఇంటెల్. రెండు నెలల ముందే 13వ తరం డెస్క్‌టాప్ చిప్పుల్ని చాలావరకు అలాగే ఉంచి, కాస్త వేగం పెంచి, 14వ తరం అని అమ్మకానికి పెట్టిన ఇంటెల్!

నానోమీటర్ల ముచ్చట ఇంకోటి. 2021లో ఇంటెల్ తన 10 నానోమీటర్ల చిప్పు తయారీ పద్ధతికి కొన్ని మెరుగులు దిద్ది, ఇంటెల్ 7 అని నామకరణం చేసింది. చిప్పులో ఏ మూల కొలిచినా ఆ ఏడు దొరకదు, అది ఉత్త పేరు. మా పొందూరులో నూరో కౌంటు ఖద్దరు అన్నారంటే ఎంత బరువు నూలుకి ఎంత పొడవో లెక్క ఉంటుంది, అనుమానముంటే తక్కెడలో వేసి చూసుకోవచ్చు.

2023 చివర్లో ఇంటెల్ వాళ్లు ఆ ఐ కూడా పీకేసి కోర్ అల్ట్రా 5 అన్నారు. ఇప్పుడు తండ్రులు "ఐ ఏదీ?" అని టెన్షన్ పడుతుంటే, ఓ షాపాయన "అల్ట్రా అంటే పెద్ద ఐ" అని సర్దిచెప్పడం నా చెవులతో విన్నాను.

నిన్ను ఊడిపోమని అడగను, జిగురు మరక పోదు. నీ మీద మోడల్ నెంబరు మొత్తం చివరి అక్షరంతో సహా వేయించు, కోర్లెన్నో, డిజైను ఏ సంవత్సరానిదో కూడా. చోటు చాలదంటావేమో, ఆ తళుకు కాస్త తగ్గించుకుంటే చాలినంత చోటు.

ఇట్లు,
చుట్టాలందరి ల్యాప్‌టాపులకీ జీతం లేని సలహాదారు