మహారాజశ్రీ క్రిప్టిక్ క్లూ గారికి

మహారాజశ్రీ క్రిప్టిక్ క్లూ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ కుశలానికేం లోటు? పైకి ఒక మాట చెప్పి, లోపల వేరే జవాబు దాచుకుని, పదాల గడి పక్కన ఆధారమనే పేరుతో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. చెప్పుకోవాల్సింది మా సంగతే.

మామూలు మోసగాడైతే అబద్ధం చెప్తాడు, దొరుకుతాడు, నాలుగు తిట్టుకుని తేలికపడతాం. మీరు ఆ భాగ్యం కూడా ఉంచలేదు. మీరు చెప్పేవన్నీ నిజాలే. మొన్న తమరు సెలవిచ్చిన మాట చూడండి: "కలత వలన పుట్టిన పెద్ద కథ (3)". ఎంత ఆర్ద్రంగా ఉందో! గడులు నింపే మా బృందంలో సగం మంది కళ్ళొత్తుకుని 'భారతం' అని నింపేశారు. తప్పేముంది? అన్నదమ్ముల కలతలోంచి పుట్టిందే, పెద్దదే, అక్షరాలూ మూడే. అడ్డం పదాలన్నీ ఎదురుతిరిగాక గానీ మీ పనితనం బయటపడలేదు. పంచమీ విభక్తి కదా అని మేం గౌరవంగా పక్కన కూర్చోబెట్టిన 'వలన'నే మీరు ముక్కలు చేశారు. 'కలత' బాధ కాదట, 'ఈ అక్షరాలు కలిపెయ్' అని ఆజ్ఞట. వ, ల, న అటూ ఇటూ అయితే నవల. పెద్ద కథ అంటే పెద్ద కథే. వాక్యంలో ఒక్క అబద్ధం లేదు. కోర్టుకెక్కినా మీరే గెలుస్తారు.

పైగా ఈ దోపిడీకో రాజ్యాంగం కూడా రాయించుకున్నారు. అఫ్రిట్ అనే మారుపేరుతో గడులు కూర్చిన రిచీ 1949లో మీ ధర్మాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు: కూర్పరి మాటలకు పైకి కనిపించే అర్థమే అతని ఉద్దేశం కానక్కర్లేదు, ఉద్దేశించింది మాత్రం ఆ మాటల్లో ఉండి తీరాలి. ఎంత న్యాయం అని తలలూపాం. నిదానంగా చదివితే మొదటి సగం మీకు హక్కు, రెండో సగం మా నోటికి తాళం.

అసలు మీ పెద్దల పేర్లు విన్నప్పుడే మాకు బుద్ధి రావాల్సింది. 1926 నుంచి బ్రిటన్‌లో అబ్జర్వర్ పత్రికలో మిమ్మల్ని పెంచి పెద్దచేసిన మేథర్స్ పెట్టుకున్న పేరు టార్కెమాడా. స్పెయిన్‌లో మతవిచారణ పేరిట జనాన్ని చిత్రహింసలు పెట్టించిన అధికారి పేరది. 1939లో ఆయన పోయాక ఆ కుర్చీ ఎక్కిన మెక్‌నట్ మరో విచారణాధికారి పేరు తీసుకుని జిమెనీజ్ అయ్యాడు. 1972లో వచ్చిన క్రౌథర్ మూడో అధికారి డెజా పేరును ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేసి ఎజెడ్ అన్నాడు. ఇంత నిజాయితీగా బోర్డు పెట్టుకున్న హింసాగృహం ఇంకోటి ఉండదు. మేం ఆ బోర్డు చదివి, చెప్పులు బయట విడిచి, వరసలో నిలబడి మరీ లోపలికెళ్ళాం.

మీరు పరాయి సరుకని కొందరంటారు గానీ, మా భాష మీకు పీటెప్పుడో వేసి ఉంచింది. 'మరా మరా' అని జపిస్తే 'రామ' వచ్చిందే, అది తిరగేత క్లూ కాక మరేమిటి? పద్యం కడుపులో పద్యం దాచే గర్భకవిత్వం ఉంది. ఒకే పద్యంలో రామకథనూ భారతకథనూ నడిపిన కవులున్నారు. అందుకే "వినయంలో దాగిన మేలు (2)" అని తమరు నీతి బోధిస్తే, అనుభవం ఉన్నవాళ్ళు ఆ నీతిని అక్కడే వదిలేసి, 'వినయం'లో చెయ్యిపెట్టి 'నయం' లాక్కున్నారు. ఇంగ్లీషులో మీకో దొంగదారి ఉంది, మామూలు మాటకు పెద్దక్షరం తగిలించి మనిషి పేరులా చూపించడం. తెలుగులో పెద్దక్షరాలు లేవు కదా, ఆ బాధ తప్పిందనుకున్నాం. తప్పలేదు. శాంతి వచ్చిందంటే ఇంట్లోకా, మనసులోకా?

మీ అసలు ప్రతిభ మాత్రం మా బృందాన్ని తయారుచేయడంలో ఉంది. ఎక్కడెక్కడి వాళ్ళమో. ఒకరి మొహం ఒకరం ఎరగం, ఎవరు ఏ వేళకు నిద్రపోరో మాత్రం తెలుసు. లోకంలో మోసపోయినవాళ్ళు ఒకచోట చేరితే సంఘం పెట్టి పోరాడతారు. మేం చేరి, ఎంత గొప్పగా మోసపోయామో చెప్పుకుని చప్పట్లు కొడతాం. 'నవల' తేలగానే "ఆహా, వలన!" అని వరసపెట్టి మెచ్చుకోళ్ళు. నియమాల పట్టింపున్న జిమెనీజ్ భక్తులు మాత్రం చప్పట్లు కొట్టలేదు. 'కలత' నామవాచకం, అక్షరాలను కలపమనే అధికారం నామవాచకానికి లేదు, 'కలతపడ్డ' అని ఉండాల్సిందే అని పట్టుబట్టారు. ఉదారవాదులు ససేమిరా అన్నారు. తెల్లారేదాకా సాగిన ఆ రగడలో మీ మీద ఎవరికీ కోపం రాలేదు, గమనించారా? తిట్లన్నీ మాలో మాకే.

ఇక మా సాయం సంగతి. జవాబు చెప్పెయ్యడం మా దగ్గర మహాపాపం, దారి చూపొచ్చు. దారి చూపేవారి భాష మీకన్నా ఘోరం. "విభక్తులను నమ్మకండి" అని ఒకరు. "దీన్ని చదువుతూ నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను" అని ఇంకొకరు. ఒక్క క్లూ కాస్తా మూడైంది. వీళ్ళందరికన్నా ప్రమాదం, ఏ సూచనా ఇవ్వకుండా "ఈవేళ మరీ తేలిగ్గా ఉంది కదూ" అని ఓ మాట విసిరి వెళ్ళే పెద్దమనిషి. ఆయన నింపిన గడిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

మీ సావాసంతో మామూలు తెలుగు చదవడం చేతకాకుండా పోయింది. 'తిరిగి' అని కనబడితే ముందు మాట వెనక్కి చదువుతాం. 'చెదిరిన', 'తల లేని', 'మధ్యలో' లాంటివి కనబడితే చెయ్యి పెన్సిల్ కోసం తడుముకుంటుంది. బృందంలోనే ఒకాయన "మనసు విరిగిపోయిందండీ" అని వాపోతే, అర నిమిషంలో "సుమన" అని జవాబొచ్చింది. ఆ అమ్మాయి పేరు అది కాదు. అయ్యుంటే బాగుండేదని అందరికీ అనిపించింది.

ఇంట్లోవాళ్ళు "ఆ గడుల్లో ఏముంది?" అంటే చెప్పడానికి మాకో కథ ఉంది. 1942 జనవరిలో డైలీ టెలిగ్రాఫ్ అనే బ్రిటిష్ పత్రిక 12 నిమిషాల్లో గడి నింపే పోటీ పెట్టింది. అందులో పాల్గొన్న కొందరిని బ్లెచ్లీ పార్కులో శత్రువుల సంకేతాలు ఛేదించే పనికి పిలిచారు. మేం దీన్ని చాలా గర్వంగా చెప్తాం. వారం తర్వాత కూడా మా గడిలో ఖాళీలుంటాయన్న సంగతి మాత్రం కథలో కలపం.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. గార్డియన్ పత్రికకు అరౌకేరియా పేరుతో గడులు కూర్చిన జాన్ గ్రాహం 2013 జనవరిలో, 91 ఏళ్ళ వయసులో, ఓ గడి పైన చిన్న ముక్క రాశాడు: తనకు ఫలానా నంబరు జబ్బు, ఫలానా నంబరు చోట వచ్చిందని, ఫలానా నంబర్లతో వైద్యం జరుగుతోందని. నింపినవాళ్ళకు అన్నవాహిక, క్యాన్సర్, ఉపశమన చికిత్స అని తేలింది. కష్టపడి విప్పినవాళ్ళకే ఆయన తన కబురు చెప్పుకున్నాడు. ఆ ఏడాది నవంబరులో పోయాడు. ఇక్కడ నాకు వెక్కిరింత అందలేదు. సరే, ఫిర్యాదుల్లోకి వస్తాను.

మిగిలింది ఒక్కటే. 7 నిలువుకు జవాబు వచ్చేసింది, అడ్డం పదాలన్నీ చక్కగా అతికాయి. అది ఎందుకు జవాబయిందో మాత్రం అంతుపట్టడం లేదు. బృందంలో అడిగితే "ఆలోచించండి, భలే అందంగా ఉంటుంది" అన్నారు. వాళ్ళకూ తెలియదని నా అనుమానం. మీరైనా చెప్పండి. నిజమే చెప్పాలని లేదు, మామూలుగా చెబితే చాలు.

ఇట్లు,
నిద్రలో వచ్చింది, దేవుడిచ్చింది కలిస్తే మిగిలిన ఆందోళన (4)