సిమెంటు పోయించే ముందు

సెలవులకి ఊరెళ్ళి వచ్చినవాళ్ళ ఫోటోల్లో ఈ మధ్య ఒకటి తప్పనిసరి: కొత్త ఇల్లు, గ్రానైటు మెట్లు, చుట్టూ ఎక్కడా మట్టి కనపడకుండా సిమెంటు. అమలాపురం నుంచి భీమవరం దాకా ఇదే వరస. డబ్బు చాలావరకు అమెరికా నుంచి మనం పంపిందే కాబట్టి ఈ మాట కూడా మనమే అనాలి.

ఆ సిమెంటు కింద పోయింది పెరడు. పాత ఇళ్ళల్లో నూతి దగ్గర స్నానం చేసిన నీళ్ళు అరటి పిలకల్లోకి, అక్కణ్ణించి కొబ్బరి పాదులోకి వెళ్ళేవి. బియ్యం కడిగిన నీళ్ళు గేదె కుడితిలో కలిసేవి. ఇప్పుడవన్నీ రోడ్డు పక్క డ్రైనులో పడి, కదలకుండా నిలబడి దోమల్ని పెంచుతున్నాయి. మిగిలిన నాలుగు కుండీలకేమో మోటారు వేసి ట్యాంకు నీళ్ళు!

గోదారి పక్కన నీళ్ళకేం కొదవని నవ్వేవాళ్ళుంటారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, నిజమే. కానీ ఆ కాలవలు ఏడాది పొడుగునా పారవు. వేసవిలో మరమ్మతులకి కట్టేస్తారు, అప్పుడు ముందుగా నింపుకున్న చెరువే ఊరికి దిక్కు. బోరు వేద్దామంటే సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఉప్పు నీళ్ళు.

అరిజోనాలో ఇళ్ళల్లో స్నానాల నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు రోజుకి 400 గాలన్ల లోపు తోటకి వాడుకుంటే విడిగా పర్మిట్ అడగరు, షరతులు పాటిస్తే చాలు. కాలిఫోర్నియా 2009లో వాషింగ్ మెషీన్ నీళ్ళకి ఇలాంటి వెసులుబాటే ఇచ్చింది. అక్కడ ఇవన్నీ శ్రద్ధగా పాటించే మనవాళ్ళే ఊళ్ళో అమ్మానాన్నల ఇంటికి బాత్రూమ్, లెట్రిన్ పైపులు రెండూ కలిపి వేయిస్తున్నారు. అసలు తప్పు అలా కలపడంలోనే ఉంది. కలిపేశాక విడదీయాలంటే గచ్చు పగలగొట్టాలి.

జాగ్రత్తలూ లేకపోలేదు. బట్టల సబ్బుపొడిలో సోడియం ఎక్కువ. నల్లరేగడి నేలైతే అది పేరుకుని మట్టి బిగిసిపోతుంది. అందుకని మొదటి ఉతుకు నీళ్ళు డ్రైనుకి వదిలేసి, జాడించినవి చెట్లకి మళ్ళించడం మేలు. పసిపిల్లల గుడ్డలు ఉతికినవి అసలొద్దు. పచ్చిగా తినే ఆకుకూరల మీద ఈ నీళ్ళేవీ పోయకూడదు. డ్రమ్ములో పట్టి దాచడం కూడా పనికిరాదు, ఒక్కరోజుకే కంపు కొడతాయి. బోరే ఉప్పగా ఉన్న ఇంట్లో స్నానం నీళ్ళూ ఉప్పే కదా, కొబ్బరి ఓర్చుకుంటుంది గానీ అరటి ఆకు అంచులు మాడిపోతాయి. ఏసీ కింద బొట్టుబొట్టుగా పడే నీళ్ళలో మాత్రం ఉప్పుండదు, కుండీలకి అంతకంటే మంచివి లేవు.

మీ ఇల్లు ఇంకా పునాదుల్లో ఉంటే ఈ వారమే మేస్త్రీకి ఫోన్ చేయండి. లెట్రిన్ పైపు సెప్టిక్ ట్యాంకుకి వేరుగా, స్నానాల గది పైపు పెరట్లోకి వేరుగా వేయమనండి. వెనక గోడ వెంట మూడడుగుల వెడల్పున మట్టి అలాగే వదిలేయమనండి. ఆకులు రాలి చెత్త పడుతుందని అమ్మ గొణుగుతుంది. పిలకలు మాత్రం పక్కింటినుంచి తనే తెచ్చి పాతుతుంది.