పేరు నిలబెట్టుకున్న రైలు

సర్కారు పెట్టే పేరుకూ ఆ పేరు మోసే వస్తువుకూ పొంతన ఉండాలని ఎవరూ ఆశించరు. ఆ మాటకొస్తే హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ ఒక వింత. 2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని అద్వానీ జెండా ఊపిన నాటి నుంచి నేటి దాకా అది తన పేరుకు మచ్చ రానివ్వలేదు. మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్. అంటే, రకరకాల వాహనాల్లో ప్రయాణం చేయించే వ్యవస్థ. రైలు సరిగా లేదని సణిగేవారు ఈ పేరును ఒక్కసారైనా పూర్తిగా చదివి ఉండరు. ఒక్క రైలుతో పని అయిపోతే దాన్ని బహువిధం అని ఎవరంటారు?

మేడ్చల్ వైపు నుంచి మాదాపూర్‌లో ఉద్యోగానికి వెళ్ళే మనిషినే చూడండి. ఇంటి నుంచి వీధి చివరి దాకా నడక. అక్కడి నుంచి స్టేషన్‌కు షేర్ ఆటో. తర్వాత రైలు. సికింద్రాబాద్‌లో దిగి ఇంకో రైలు. పేరు చూసి నమ్మి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగుతాడు. చుట్టూ చూస్తే హైటెక్ తప్ప అన్నీ కనిపిస్తాయి. సైబర్ టవర్స్ చేరాలంటే మళ్ళీ ఆటోనే గతి. రైలు టికెట్టు అయిదు రూపాయల నుంచి మొదలవుతుంది. దాన్ని అందుకోవడానికీ, అది దించిన చోటు నుంచి బయటపడడానికీ ఆటోలకు అయ్యే ఖర్చు మాత్రం టికెట్టు మీద అచ్చు వేయరు. పావలా కోడికి ముప్పావలా మసాలా అని మన పెద్దలు ఊరికే అనలేదు.

వేళకు రాదన్నది ఇంకో నింద. ఈ రైలుకు సొంత పట్టాలు దాదాపు లేవని, ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సు బళ్ళూ నడిచే దారిలోనే సర్దుకుపోవాలని ఈ నిందించేవారికి తెలియదా? దూరపు చుట్టాలు వస్తే కుర్చీ ఖాళీ చేసి గుమ్మం దగ్గర నిలబడే ఇంటి పిల్లవాడిలా, ఇది సిగ్నల్ దగ్గర ఒదిగి నిలబడుతుంది. ఈ కాలంలో అంత వినయం మనుషుల్లోనే కరువైంది. మెట్రో సంగతి వేరు. దానికి స్తంభాల మీద సొంత దారి ఉంది కనుక నిమిషాల లెక్కన వస్తుంది. అలవాటు పడినవాళ్ళు క్యాలెండర్ చూసే అలవాటే మరిచిపోతున్నారు.

ఇక రెండో దశ. దీని చరిత్ర కాస్త నెమ్మదిగా చెప్పుకోవలసినది. 2012–13లో మంజూరైంది. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. రెండిళ్ళవాళ్ళు కలిసి భోజనానికి పిలిచిన చుట్టం గతి తెలిసిందే కదా. అక్కడ తిని ఉంటాడులే అని వీరు, ఇక్కడ తిని ఉంటాడులే అని వారు. మీ వాటా రాలేదని ఒకరు, మీ పని కాలేదని ఒకరు. మధ్యలో మౌలాలి–సనత్‌నగర్ దారిలో రక్షణ శాఖ భూములు అడ్డొచ్చాయి. దేశ రక్షణ ముందా, నేరేడ్‌మెట్‌వాసి ఆఫీసు ముందా? 2023 ఏప్రిల్‌లో ప్రధాని పదమూడు కొత్త సర్వీసులకు జెండా ఊపారు. ఘట్‌కేసర్ నుంచి మౌలాలి మీదుగా లింగంపల్లి వెళ్ళే రైలు 2024 మార్చి 5న కదిలింది. లెక్క వేస్తే మంజూరు నుంచి దాదాపు పన్నెండేళ్ళు. గోదావరికి పుష్కరాలు ఉండగా రైలుకు ఉంటే తప్పేమిటి?

ఆ దారిలో సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ వంటి కొత్త స్టేషన్లు వెలిశాయి. ప్లాట్‌ఫారాలు పొడుగ్గా, గాలి వెలుతురుతో చక్కగా ఉంటాయి. రైళ్ళు పలచన కనుక పొగ, రొద ఉండవు. నగరంలో పార్కులు కరువవుతున్న ఈ రోజుల్లో ఇంత ఖాళీ స్థలాన్ని కాపాడుతున్నందుకు రైల్వేను అభినందించాలి గానీ, తర్వాతి బండి ఎప్పుడని కౌంటర్‌లో ఉన్న మనిషిని విసిగించకూడదు.

అన్నట్టు, ఫలక్‌నుమా దాటి దక్షిణాన ఈ రైలు వెళ్ళి ఆగేది ఉందానగర్‌లో. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ భవిష్యత్తు చూసినవాడు. అక్కడ ప్రతి ప్రయాణికుడి నోటా ముందుగా వచ్చే మాట అదే: ఉందా? శంషాబాద్ విమానాశ్రయం అక్కడికి కూతవేటు దూరం. పట్టాలు మాత్రం విమానాశ్రయం లోపలికి వెళ్ళలేదు. రావాలని రైలుకు, రానివ్వాలని విమానాశ్రయానికి, ఖర్చు పెట్టాలని ఇంకెవరికో ఒకే రోజున అనిపించాలి కదా.

కాబట్టి మూడో దశకు నాదొక మనవి. భూమి మీద నడిచే వాహనాలన్నీ ఈ పథకంలో వచ్చేశాయి. నెక్లెస్ రోడ్ స్టేషన్ పక్కనే హుస్సేన్‌సాగర్ ఉంది, పడవలూ ఉన్నాయి. ఒక టికెట్టు కలిపితే జలమార్గమూ పూర్తవుతుంది. ఆకాశమార్గానికి అదనంగా రూపాయి కూడా అక్కర్లేదు. సూట్‌కేసు పక్కన పెట్టుకుని ఉందానగర్ ప్లాట్‌ఫారం మీద నిలబడి తల పైకెత్తండి, మీరు ఎక్కవలసిన విమానం కనిపిస్తుంది.