పని కట్ట మీద కాదు, వీధుల్లో

నగరంలో చెరువు పునరుద్ధరణ అనగానే నిధులన్నీ కట్ట మీదికే చేరతాయి. నడక బాట, ఫౌంటెన్, శిలాఫలకం. రెండు వానాకాలాలు గడిచేసరికి గుర్రపుడెక్క నీటిని మళ్లీ కప్పేస్తుంది. మళ్లీ టెండర్లు.

పనిలో నాణ్యత లేక కాదు, పని జరిగే చోటే తప్పు. పరీవాహక ప్రాంతంలోని పైకప్పులు, రోడ్లు, పార్కింగ్ స్థలాలు ఏది పంపితే అదే చెరువు నీరు. తొలి వానకు రోడ్ల మీది నూనె, టైర్ల పొడి కొట్టుకొస్తాయి. వాన లేని రోజుల్లో వరద కాలువలో పారేది ఇళ్ల మురుగే. అందులోని ఫాస్ఫరస్ నాచుకు ఎరువు.

అమెరికాలో సియాటిల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సును నాచు ముంచెత్తింది పచ్చి మురుగు వల్ల కాదు, శుద్ధి కేంద్రాలు వదిలిన నీటి వల్ల! సాధారణ శుద్ధిలో ఫాస్ఫరస్ చాలావరకు మిగిలిపోతుంది. 1963 నుంచి 1968 వరకు ఆ నీటిని దారి మళ్లించారు. మీటరు లోతు కూడా కనిపించని నీటిలో 1968 నాటికి దాదాపు మూడు మీటర్ల దాకా కనిపించింది. లోతు తక్కువ చెరువులకు పూడికతీత కూడా కావాలి, నిజమే. కానీ మురుగు ఆగాకే.

ఆక్రమణలు తొలగిస్తే చాలదా అంటారు కొందరు. తొలగించవలసిందే. అయితే పూర్తి విస్తీర్ణం తిరిగి దక్కిన చెరువులోకీ అదే మురుగు వస్తుంది.

కాబట్టి వాననీటిని పడినచోటే పట్టాలి. రోడ్డు పక్కన మొక్కల పల్లపు కాలువలు, నీరింకే పార్కింగ్ నేలలు, చెరువులోకి చేరే ముందు రెల్లు పెరిగే చిత్తడి మడుగు. సింగపూర్ 2006లో ఈ దారి పట్టింది. 2012 నాటికి బిషాన్ పార్కు పక్కన 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను 3.2 కిలోమీటర్ల వంపుల నదిగా మార్చింది.

అక్కడ సాధ్యమైంది డబ్బుతోనే అనుకుంటే పొరపాటు. తాగునీరు, మురుగు, వరద కాలువలు మూడూ 2001 నుంచి అక్కడ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. మన నగరాల్లో పైపు ఒకరిది, కాలువ ఇంకొకరిది, చెరువు మరొకరిది. తప్పు మాత్రం ఎవరిదీ కాదు! ప్రతి పరీవాహక ప్రాంతానికీ ఒకే బాధ్యుడిని పెట్టాలి. అక్కడ కొత్త లేఅవుట్‌కు అనుమతినిచ్చే సంతకం కూడా ఆ అధికారిదే కావాలి.