నైరోబీలో ఆగొద్దనే సలహా తప్పు

కెన్యా సఫారీకి వెళ్లాలనుకునే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తరచూ తిరుగుతోంది. సారాంశం ఇది: "నైరోబీలో ఆగకండి. పట్టపగలే దోచుకుంటారు. చూడటానికి ఏమీ లేదు, జంతువుల కోసం మసాయి మారాకే పోవాలి. శాకాహారం దొరకదు, రోగాలెక్కువ. పైగా భారతీయులంటే అక్కడివాళ్లకు పడదు. ఎయిర్‌పోర్టులో దిగగానే మారా బండి ఎక్కేయండి." చాలామంది దీన్ని నమ్మి, 40 లక్షలకు పైగా జనం ఉన్న మహానగరాన్ని కారు అద్దంలోంచి చూసి వచ్చేస్తున్నారు. నాకు ఎంతో ఇష్టమైన నగరం గురించి ఇలా చెబుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు దొంగల భయం గురించి. ఇందులో నిజం లేకపోలేదు. సిటీ సెంటర్‌లో రోడ్డు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటుంటే లాక్కుపోయేవాళ్లు ఉన్నారు. చీకటి పడ్డాక రివర్ రోడ్డు వైపు కాలినడకన తిరగొద్దని నైరోబీవాళ్లే చెబుతారు. 1998 ఆగస్టులో అమెరికా ఎంబసీ మీద బాంబు దాడి జరిగింది, 2013లో వెస్ట్‌గేట్ మాల్‌లో ఉగ్రవాదులు 67 మందిని చంపారు, వాళ్లలో భారతీయులూ ఉన్నారు. ఇవేవీ దాచాల్సిన సంగతులు కావు. అయితే ఎంబసీ ఉన్న చోట ఇప్పుడు స్మారక ఉద్యానవనం ఉంది, వెస్ట్‌గేట్ మాల్ 2015లో మళ్లీ తెరుచుకుంది. అక్కడి జనం తమ ఊరిని వదిలిపెట్టి పోలేదు.

జాగ్రత్త అంటే ఎలా తిరగాలో తెలుసుకోవడం. రాత్రిపూట నడవకుండా ఊబర్, బోల్ట్ లాంటి యాప్‌లలో కారు పిలుచుకోవాలి. దారి చూసుకోవాలంటే ఏదైనా షాపులోకి వెళ్లి ఫోన్ తీయాలి. పాస్‌పోర్టు హోటల్ లాకర్‌లో పెట్టి, కాపీ దగ్గర ఉంచుకోవాలి. 2024 జూన్‌లో పన్నుల బిల్లుకు వ్యతిరేకంగా యువత పార్లమెంటు దాకా వెళ్లినప్పటిలా నిరసనలు ఉన్న రోజుల్లో సిటీ సెంటర్ వైపు పోకూడదు. ఇవి పాటిస్తే పగటిపూట నైరోబీలో తిరగడానికి అంత టెన్షన్ అక్కర్లేదు. మటాటూ కూడా ఎక్కండి. అవి ప్రైవేటు మినీబస్సులు. ఒళ్లంతా ఫుట్‌బాల్ ఆటగాళ్ల, గాయకుల బొమ్మలు, లోపల గుండె అదిరే పాటలు. 111 నంబరు ఎక్కితే ఎన్‌గాంగ్ కొండల వైపు పోతుంది. వాన పడినా, సాయంత్రం రద్దీ పెరిగినా ఛార్జీ పెంచేస్తారు కాబట్టి ఎక్కేముందే కండక్టర్ని అడగాలి. ఆ బండిలో ఆఫీసుకు పోయే అమ్మాయిలు, కూరగాయల సంచులతో ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు మీ పక్కనే కూర్చుంటారు. వాళ్లందరినీ దోపిడీదారులని ఒక్క వాక్యంలో తేల్చేయడం ఎంత అన్యాయమో అప్పుడు తెలుస్తుంది.

"చూడటానికి ఏమీ లేదు" అన్న మాట మీద నాకు ఎక్కువ కోపం. నైరోబీ నేషనల్ పార్క్ 1946లో ఏర్పడింది. 117 చదరపు కిలోమీటర్ల గడ్డిమైదానం, అదీ నగరం అంచునే. ఉదయం 6 గంటలకు గేటు తెరవగానే లోపలికి వెళ్తే సింహాలు, ఖడ్గమృగాలు, జిరాఫీలు, అడవి దున్నలు కనిపించే అవకాశం ఉంది. వాటి వెనకాల దిగంతంలో ఆకాశహర్మ్యాలు. మూడు వైపులా కంచె ఉంది, దక్షిణం వైపు తెరిచి ఉంటుంది. జంతువులు అటు మైదానాల్లోకి వెళ్లి వస్తుంటాయి. ఏనుగుల మంద మాత్రం ఇక్కడ ఉండదు. కానీ తల్లిని పోగొట్టుకున్న ఏనుగు పిల్లల్ని పెంచే షెల్‌డ్రిక్ సంస్థ నర్సరీ ఈ పార్కులోనే ఉంది. 11 గంటలకు గంటసేపు సందర్శకుల్ని అనుమతిస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. కాపరులు సీసాలతో పాలు పట్టడం, పిల్ల ఏనుగులు బురదలో దొర్లడం దగ్గర నుంచి చూడొచ్చు. 1989లో కెన్యా ప్రభుత్వం 12 టన్నుల ఏనుగు దంతాలను తగలబెట్టి దంతాల వ్యాపారం ఆపాలని ప్రపంచానికి చాటింది కూడా ఈ పార్కులోనే. మారా గొప్పదే, కాదనను. అయితే అది రోడ్డు మీద 5, 6 గంటల ప్రయాణం. పార్కు నగరంలోనే ఉంది.

అడవి కావాలంటే కరూరా ఉంది. 1990లలో ఈ అడవి భూములను బిల్డర్లకు గుట్టుగా పంచిపెట్టారు. పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మాథాయ్ తన తోటివాళ్లతో వెళ్లి అక్కడ మొక్కలు నాటారు. 1999 జనవరిలో కిరాయి మనుషులు కొట్టిన దెబ్బలకు ఆమె తల పగిలింది. అయినా వెనక్కి తగ్గలేదు. అంతకు పదేళ్ల ముందు, నగరం నడిబొడ్డునున్న ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కట్టబోతే ఆపించింది కూడా ఆవిడే. 2004లో నోబెల్ శాంతి బహుమతి పొందారు. ఇవాళ కరూరాలో పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, కుటుంబాలు జలపాతం దాకా నడిచి వెళ్తాయి. ఒక మనిషి రక్తం కార్చి నిలబెట్టిన అడవిలో నడవడం "ఏమీ లేకపోవడం" ఎలా అవుతుంది? నేషనల్ మ్యూజియంలో తుర్కానా బాలుడిగా పేరుపడ్డ ఆదిమ మానవుడి అస్థిపంజరం ఉంది. దాదాపు 15 లక్షల ఏళ్ల నాటిది, 1984లో కమోయా కిమేయు అనే కెన్యన్ కనిపెట్టాడు. మనిషి పుట్టుక మీద ఆసక్తి ఉన్నవాళ్లు దానికోసమే నైరోబీకి రావొచ్చు.

ఇక తిండి. చపాతీ నైరోబీలో ఇంటింటా తినే తిండి, పొరలు పొరలుగా, కాస్త మందంగా చేస్తారు. దానితో పెసల కూరో, రాజ్మా లాంటి చిక్కుడు గింజల కూరో మామూలు హోటళ్లలో వేడివేడిగా దొరుకుతుంది. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలిని చూస్తే సంగటి తిని పెరిగినవాళ్లకు కొత్తనిపించదు, పక్కన సుకుమా వికీ అనే ఆకుకూర వేపుడు పెడతారు. పాలు పోసి మరిగించిన చాయ్ ఎక్కడైనా ఉంటుంది. సమోసా విషయంలో మాత్రం జాగ్రత్త: లోపల ఎక్కువగా గొడ్డుమాంసం కూరుతారు. "బిలా న్యామా" అంటే మాంసం లేకుండా అని అర్థమవుతుంది. మన వంటలే కావాలంటే పార్క్‌లాండ్స్ అనే పేటలో డైమండ్ ప్లాజా మాల్ ఉంది. ఇంటి నుంచి పొడులు, పచ్చళ్లు పట్టుకెళ్లేవాళ్లు ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్లో మాత్రం కట్టకండి, 2017 ఆగస్టు నుంచి కెన్యాలో అవి నిషేధం.

రోగాల సంగతి తేలిగ్గానే తేలిపోతుంది. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే మలేరియా ముప్పు తక్కువ, జులై రాత్రుల్లో స్వెట్టర్ కావాలి. మారాకో, సముద్ర తీరంలోని మొంబాసాకో వెళ్తే మలేరియా మందుల గురించి డాక్టర్ని అడగండి. అసలు ఈ సలహా పంచేవాళ్లు నైరోబీని తిట్టే బదులు చెప్పాల్సింది ఎల్లో ఫీవర్ టీకా గురించి. సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌కు పంపే అవకాశం ఉంది. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

చివరిది, అన్నిటికంటే బాధపెట్టేది: "మనవాళ్లంటే పడదు." నైరోబీ పుట్టిందే 1899లో, ఉగాండా రైల్వే డిపోగా. ఆ రైలుమార్గం వేయడానికి బ్రిటిష్‌వాళ్లు మన దేశం నుంచి, ఎక్కువగా పంజాబ్ నుంచి, 30 వేలకు పైగా కూలీల్ని తీసుకెళ్లారు. దాదాపు 2,500 మంది అక్కడే చనిపోయారు. 1898లో ఆ మార్గంలోని సావో అనే చోట కొందరిని సింహాలు ఎత్తుకుపోయాయి. నైరోబీ రైల్వే మ్యూజియంలో ఆ కాలపు ఇంజిన్లు, పెట్టెలు ఇప్పటికీ ఉన్నాయి. 1950లోనే కెన్యాకు పూర్తి స్వాతంత్ర్యం కావాలని బహిరంగ సభలో అడిగిన కార్మిక నాయకుడు మఖన్ సింగ్. అందుకు బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని 11 ఏళ్లకు పైగా నిర్బంధించింది. అలాగని అంతా సఖ్యమే అనను. వ్యాపారాలు భారతీయుల చేతుల్లో ఉన్నాయన్న అసంతృప్తి ఉండేది, 1982లో సైనిక తిరుగుబాటు ప్రయత్నం జరిగినప్పుడు మనవాళ్ల దుకాణాలు లూటీ అయ్యాయి. 1968 ప్రాంతంలో వేలమంది బ్రిటన్‌కు వెళ్లిపోయారు. కానీ మిగిలినవాళ్లు అక్కడివాళ్లే అయ్యారు. 2017లో కెన్యా ప్రభుత్వం ఆసియా మూలాలవాళ్లను తమ దేశపు 44వ తెగగా గుర్తించింది. ఇంత చరిత్ర ఉన్న చోట "పడదు" అనే ఒక్క మాట రాసి పంపడం ఆ కూలీల వారసులకూ, అక్కడి ఆఫ్రికన్లకూ ఇద్దరికీ చేసే అవమానం.

మీ సఫారీకి ముందు ఒక్క రోజు ఖాళీ పెట్టుకోగలిగితే ఇలా చేయండి. ఉదయం 6కి నేషనల్ పార్క్ (టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి), 11కి ఏనుగు పిల్లలు, మధ్యాహ్నం రైల్వే మ్యూజియం లేదా కరూరా, రాత్రి పార్క్‌లాండ్స్‌లో భోజనం. పాస్‌పోర్టు చూపించి సఫారీకామ్ సిమ్ తీసుకుంటే ఎంపెసా కూడా పెట్టుకోవచ్చు. 2007లో మొదలైన ఈ ఫోన్ చెల్లింపుల పద్ధతితో రోడ్డు పక్క మొక్కజొన్న కంకి దాకా అన్నీ కొనొచ్చు. ట్రాఫిక్ మాత్రం ఘోరం. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడానికి మీరు అనుకున్నదానికంటే ఒక గంట ఎక్కువే పెట్టుకోండి. ఎయిర్‌పోర్టుకు వెళ్లేటప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా పొమ్మని డ్రైవరుకు చెప్పి, టోల్ ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోండి.