ఏజెన్సీ వైద్యం ఏజెన్సీ పిల్లల చేతికి ఎప్పుడు?

మన్యంలో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు పోస్టు ఖాళీ అయిందంటే దాని వెనక కథ దాదాపు ఒకటే. నోటిఫికేషన్ వస్తుంది. మైదాన ప్రాంతం నుంచి ఒక యువ డాక్టరు వచ్చి చేరతారు, ఉన్నన్నాళ్లు బాగానే చూస్తారు. ఆ తర్వాత బదిలీ, లేదంటే డిప్యుటేషన్, అదీ కాకపోతే ఇన్‌సర్వీస్ కోటాలో పీజీ సీటు. వాళ్లను తప్పు పట్టడం తేలిక. కానీ పిల్లల చదువు, భార్య లేదా భర్త ఉద్యోగం, ముసలి తల్లిదండ్రులు అన్నీ మైదానంలోనే ఉన్న మనిషిని చింతూరులోనో ముంచంగిపుట్టులోనో పాతికేళ్లు ఉండమంటే ఎలా ఉంటారు? ఇన్‌సర్వీస్ కోటా కూడా గిరిజన ప్రాంతంలో కొన్నేళ్లు చేస్తే పైచదువు అన్న లెక్క మీదే నడుస్తోంది. రమ్మని మనం చూపిస్తున్న ఆశే వాళ్లు వెళ్లిపోయే దారి కూడా. ఇక స్పెషలిస్టుల సంగతి మరీ ఘోరం. కేంద్రం 2022లో ఇచ్చిన లెక్కల ప్రకారం దేశంలోని గ్రామీణ సీహెచ్‌సీల్లో (సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో) ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు.

జీతం పెంచాలా, బాండ్ పెట్టాలా, క్వార్టర్స్ కట్టాలా అని ఎప్పుడూ చర్చిస్తాం. అవన్నీ కావాలి. అయితే అంతకంటే ముందు తేల్చాల్సింది, మెడికల్ సీట్లో ఎవరిని కూర్చోబెట్టి చదివిస్తున్నాం అన్నది. పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లే చదువయ్యాక పల్లెల్లో నిలబడే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. మనం చేస్తున్నది వేరు. ఆసిఫాబాద్‌లో మెడికల్ కాలేజీ వచ్చింది, 2024లో పాడేరులోనూ వచ్చింది. సంతోషమే, పక్కన పెద్దాసుపత్రి ఉండటం చిన్న విషయమేమీ కాదు. కానీ సీటు ఇచ్చేది నీట్ ర్యాంకు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు లక్షలు పోయగలిగిన ఇంటి పిల్లలతో జి.మాడుగుల ఆశ్రమ పాఠశాలలో చదివిన పిల్ల పోటీ పడాలి. ఎస్టీ రిజర్వేషన్ ఉన్నా, అందులోనూ దారి దొరికేది ముందుగా పట్నం చేరిన కుటుంబాలకే. కాలేజీ కొండ మీద ఉన్నంత మాత్రాన కొండ మీది పిల్లలు డాక్టర్లు కారు.

ఈలోగా గూడేల్లో అసలు పని నడుస్తున్నది ఆశా కార్యకర్తల మీద. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు పెట్టిన మొదటి షరతు, ఆశా ఆ ఊరి మనిషే అయి ఉండాలని. ఆ ఒక్క షరతు ఎంత పని చేసిందో చూడండి. ఇంట్లో కాన్పయితే ఆమె 1, 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆ ఇంటికి వెళ్లాలి. బిడ్డను గుడ్డ ఊయలలో పెట్టి స్ప్రింగు తక్కెడకు వేలాడదీసి బరువు చూస్తుంది. బట్ట తొలగించి, పొట్ట ఎగిసిపడటం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెడుతుంది. 60కి చేరిందా, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. అక్కడిదాకా శిక్షణ సరిపోతుంది. ఆ తర్వాత, బాలింతను పురిటి గది దాటనివ్వని అత్తగారిని వాళ్ల భాషలో, కువిలోనో కోయలోనో, ఒప్పించాలి. అది బయటి నుంచి వచ్చినవాళ్లకు ఏ క్లాసులోనూ రాదు.

ఈ పద్ధతికి మూలం మన పొరుగునే ఉంది. తెలంగాణ సరిహద్దున ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 ఊళ్లలో కొద్దిపాటి చదువున్న స్థానిక మహిళలకు పసికందుల సంరక్షణ నేర్పారు. మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు.

ఇంత నమ్మకంగా పనిచేసే మనిషికి మనం పైమెట్టు మాత్రం కట్టలేదు. పదేళ్లు ఆశాగా చేసినా ఆమె ఆశానే. ఊళ్లలో తిరిగే నర్సు, అంటే ఏఎన్‌ఎం, కోర్సుకు ఇంటర్ కావాలి, రెండేళ్లు పిల్లల్ని వదిలి హాస్టల్లో ఉండాలి. గ్రామ క్లినిక్‌ను నడిపే ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగి) కావాలంటే బీఎస్సీ నర్సింగ్ ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆశాకు నెలకు 10 వేలని 2019లో నిర్ణయించారు. అది తక్కువే. నాకు దానికంటే ఎక్కువ బాధ కలిగించేది, ఆమె అనుభవాన్ని ఏ సర్టిఫికెట్టూ లెక్కలోకి తీసుకోకపోవడం.

స్థానికులకే శిక్షణ ఇచ్చి వైద్యం అప్పగిద్దామంటే, నాణ్యత తగ్గుతుందనేది మొదటి అభ్యంతరం. గిరిజనులకు రెండో రకం వైద్యమా అని నిజాయితీగా అడిగేవాళ్లూ ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ 2001లో మూడేళ్ల వైద్య కోర్సు పెట్టి, వ్యతిరేకత వల్ల కొన్ని బ్యాచ్‌లకే ఆపేసింది. అందులో చదివినవాళ్లు పీహెచ్‌సీల్లో మామూలు జబ్బులను చూడటంలో ఎంబీబీఎస్‌లతో సమానంగా ఉన్నారని 2010 నాటి అధ్యయనంలో తేలింది. పర్యవేక్షణ, రిఫరల్ గట్టిగా ఉంటే నాణ్యత నిలుస్తుంది. అసలు డాక్టరే లేని పీహెచ్‌సీ ఏ రకం వైద్యం కింద లెక్క?

రెండోది చట్టం. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే అన్న జీవో నంబర్ 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బ తర్వాత స్థానిక నియామకం అంటేనే అధికారులు వెనకాడుతున్నారు. కానీ కోర్టు తప్పుపట్టింది నూరు శాతం రిజర్వేషన్‌ను. శిక్షణ దగ్గర మొదలుపెట్టకుండా ఎవరూ అడ్డుకోలేదు. నీలగిరి కొండల్లోని గూడలూరు ఆదివాసీ ఆసుపత్రి 1990 నుంచి ఆదివాసీ అమ్మాయిలనే నర్సులుగా తీర్చిదిద్దుతోంది.

పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, భద్రాచలం ఐటీడీఏలు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు) ఈ పనికి మరో చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. గిరిజన గురుకులాల్లో ఇంటర్ చదువుతున్న అమ్మాయిలు ఏ గూడెం వాళ్లో రికార్డుల్లోనే ఉంది. అక్కడే నర్సింగ్ స్కూలు పెట్టి, ఫీజు ఐటీడీఏ కట్టి, చదువయ్యాక సొంత మండలంలో అయిదేళ్లు చేస్తామన్న ఒప్పందం రాయించుకోవచ్చు. పదో తరగతితో ఆగిపోయిన ఆశాలకు ఓపెన్ ఇంటర్ చదివించి, అదే స్కూల్లో కొన్ని సీట్లు విడిగా ఉంచవచ్చు. పిల్లలున్నవాళ్లకు హాస్టల్ పక్కనే అంగన్‌వాడీ పెట్టాలి. అది లేకపోతే సీటు వచ్చినా వాళ్లు చేరలేరు.